ఎండమావి

దూరమునకు ఉన్నట్లు తోచి, దగ్గఱకు పోగా లేకపోవు దానిని ఎండమావి యందుము. తీరని యాశకును, వట్టి పైమెఱుగులకును ఇదియే పోలిక. అయినను ఇందలి “మావి” యేమని తరగతిలో అడిగినచో పిల్లలు తఱచుగా మామిడి యందురు. మావిచిగురు అను మాట వారెఱిగినదే గదా! కాని ఎండకును నీటికిని నడుమ మామిడి యేల వచ్చును?

ఈ ముడిని విప్పు మాట మన పొరుగుననే యున్నది. కన్నడమున ఎండమావిని “బిసిల్గుదురె” యందురు. బిసిలు అనగా ఎండ; కుదురె యనగా గుఱ్ఱము. తెలుగునను “మావు” అనగా గుఱ్ఱమని నిఘంటువులు చెప్పుచున్నవి. తమిళమున “మా” అను మాటకు మృగమనియు గుఱ్ఱమనియు అర్థములు కలవు. కావున ఎండమావి యనగా ఎండగుఱ్ఱము. మావు అను పదము వాడుకలో మఱుగుపడగా, దాని యర్థమును మనము మఱచితిమి.

గుఱ్ఱమని యేల యనిరి? వేసవి మధ్యాహ్నమున నేలనంటియున్న గాలి పైగాలికంటె మిక్కిలి వేడెక్కి పలుచనగును. ఆకాశమునుండి ఏటవాలుగా దిగు కాంతి ఆ పొరలలో క్రమముగా వంగి, నేలను తాకకయే పైకి మరలి మన కంటికి చేరును. కాంతి తిన్నగా వచ్చినదని తలచుట మనకు అలవాటు. అందుచే ఆకాశపు వెలుగు నేలమీద నీటివలె కనబడును. వేడిగాలి కదలుటచే అది అలలాడుచు పరుగెత్తునట్లుండును. 1798లో నెపోలియను దండుతో ఐగుప్తునకు వెళ్లిన ఫ్రెంచి గణితవేత్త మోంజ్, అచటి యెడారిలో దీనిని చూచి, కారణమును వివరించెను. ఛాయాచిత్రమునందును ఎండమావి పడును. కావున ఇది మనస్సు కల్పించినది కాదు. వెలుగు నిజము, నీరనుకొనుటయే పొరపాటు.

సంస్కృతమున దీనికి మృగతృష్ణ యనియు, మరీచిక యనియు పేర్లు. మొదటిది మోసపోవు లేడి దప్పికను, రెండవది మోసమునకు మూలమైన కిరణమును తెలుపును. తమిళులు కానల్ నీరు అని నీటినే చెప్పిరి. వారి ప్రాచీన పదమైన పేయ్‌త్తేర్ అనగా దయ్యపుతేరు. తెలుగువారును కన్నడిగులును పరుగును చూచి గుఱ్ఱమనిరి. వస్తువు ఒకటే, ఒక్కొక్క మాట దాని నొక్కొక్క ప్రక్కనుండి చూపినది.

కన్నడసీమలో స్థిరపడిన మనవారిలో కొందఱు, ఇంట తెలుగు, వీథిని కన్నడము, బడిలో ఇంగ్లీషు పిల్లలకు బరువగునని తలచి, ముందుగా తెలుగునే విడుచుచున్నారు. బరువు లేదని మేమనము. కాని తెలుగు విడిచిన బాలునకు బిసిల్గుదురె మిగులును, ఎండమావి మిగులదు. కన్నడము నేర్వని బాలునకు ఎండమావి యుండును, అందలి గుఱ్ఱము కనబడదు. రెండును నేర్చినవానికే మాటయు, దాని మర్మమును దక్కును.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. ఈ వేసవిలో తారురోడ్డుపై ఎండమావి కనబడినపుడు పిల్లలకు చూపి, తెలుగుపేరు మీరు చెప్పుడు. కన్నడపు పేరు వారిచేత చెప్పించుకొనుడు.