కుక్కకు సూది - మనిషికి రక్ష

హైదరాబాదులో అఫ్జల్‌గంజ్ పక్కనే ఉన్న ఉస్మాన్‌గంజ్ పాత టోకు బజారు. పప్పులు, దినుసులు, కిరాణా సరుకులు బస్తాల కొద్దీ వచ్చి ఇక్కడి దుకాణాలలో, గోదాములలో దిగుతాయి. బస్తాలున్న చోటికి ఎలుకలు చేరతాయి. ఎలుకల కోసం పిల్లులు వస్తాయి. పారేసిన తిండి దొరికే సందులలో కుక్కలు కాపురముంటాయి. ఇళ్ళలో పెంచే కుక్కలు, పిల్లులు కూడా గడప దాటి వీటితో తిరుగుతాయి, కొట్లాడతాయి. మళ్ళీ ఇంటికి వచ్చి పిల్లల పక్కన పడుకుంటాయి. వీధిలోని జబ్బు ఇంట్లోకి వచ్చే దారి ఇదే. ఆ దారిని మూసేది టీకా.

నరాల వెంట ప్రయాణం

ఇలా వచ్చే జబ్బులలో అతి భయంకరమైనది రేబిస్. దీనికి కారణం తుపాకి గుండు ఆకారంలో ఉండే ఒక వైరస్. జబ్బు చేసిన జంతువు లాలాజలంలో ఇది ఉంటుంది. ఆ జంతువు కరిచినప్పుడు గాయం గుండా మన శరీరంలో ప్రవేశిస్తుంది.

చాలా వ్యాధిక్రిములు రక్తంలో కలిసి వ్యాపిస్తాయి గదా! రేబిస్ వైరస్ అలా కాదు. గాయం దగ్గర ఉన్న నరాన్ని పట్టుకుని, దాని వెంట మెల్లగా మెదడు వైపు సాగిపోతుంది. ఈ ప్రయాణానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. ఒక్కొక్కప్పుడు వారమే చాలు, ఒక్కొక్కప్పుడు ఏడాది పట్టవచ్చు. గాయం ముఖానికి, మెడకు దగ్గరగా ఉంటే ప్రమాదం త్వరగా వస్తుంది.

మెదడు చేరిన వైరస్ అక్కడి నుండి లాలాజల గ్రంథులకు దిగుతుంది. అదే సమయంలో మెదడు దెబ్బతిన్న కుక్క వెర్రెత్తి, కనబడిన వారినల్లా కరుస్తుంది. ఆ కాటుతో వైరస్ మరొక ప్రాణిలోకి చేరుతుంది. రోగి నీళ్ళు మింగబోతే గొంతు కండరాలు బిగుసుకుపోతాయి. అందుకే దీనిని జలభీతి అని కూడా అంటారు. లక్షణాలు కనబడిన తరువాత రేబిస్‌ను నయం చేసే మందు ఈనాటికీ లేదు. బతికి బయటపడినవారు బహు కొద్దిమంది. ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది దీనికి బలి అవుతున్నారని అంచనా. వారిలో పదిమందికి నలుగురు 15 ఏళ్ళ లోపు పిల్లలే.

పాశ్చర్ నుండి నేటి దాకా

వైరస్ మెల్లగా నడవడమే మన అదృష్టం. అది మెదడు చేరేలోగా శరీరానికి ఆయుధాలు అందించవచ్చు. ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ చేసినది అదే. జబ్బు చేసిన కుందేళ్ళ వెన్నుపామును ఆరబెట్టి, బలహీనపడిన వైరస్‌తో టీకా తయారుచేశాడు. మొదట కుక్కల మీద పరీక్షించాడు. 1885 జూలై 6న, పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ళ జోసెఫ్ మీస్టర్‌కు వేయడం ప్రారంభించాడు. ఆ అబ్బాయి బతికాడు.

మన దేశంలో కసౌలీలో డేవిడ్ సెంపుల్ 1911లో గొర్రె మెదడు నుండి మరొక టీకా తయారుచేశాడు. "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు" అని పెద్దలు చెప్పేది దీని గురించే. 2004తో దాని తయారీ ఆగిపోయింది. ఇప్పుడు ప్రయోగశాలలో పెంచిన జీవకణాలలో టీకా తయారవుతుంది. నాలుగైదు విడతలుగా భుజానికి వేస్తారు. 1982లో జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ హైదరాబాదులో స్థాపించిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ మనుషులకూ, జంతువులకూ రేబిస్ టీకాలు తయారుచేస్తోంది.

ఒకటి చాలదా?

టీకాలో చంపిన వైరస్ ఉంటుంది. అది జబ్బు కలిగించలేదు. కాని శరీరం దానిని శత్రువుగా గుర్తించి ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. అసలు వైరస్ వచ్చేసరికి సైన్యం సిద్ధంగా ఉంటుందన్నమాట. కాలం గడిచిన కొద్దీ ఈ సైన్యం తగ్గుతుంది. అందుకే కుక్కకు, పిల్లికి మూడు నెలల వయసులో రేబిస్ టీకా మొదలుపెట్టి, డాక్టరు చెప్పిన ప్రకారం మళ్ళీ మళ్ళీ వేయించాలి.

కుక్కపిల్లలకు డిస్టెంపర్, పార్వో అనే జబ్బులకు కూడా టీకాలు అవసరం. పార్వో కుక్కలలో 1978లో బయటపడి, రెండేళ్ళలో ప్రపంచమంతా పాకింది. పిల్లులకు వచ్చే ఒక వైరస్‌కు ఇది దగ్గరి చుట్టం. ఈ టీకాలను ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకొకసారి వేస్తారు. ఎందుకు? తల్లి ముర్రుపాల ద్వారా వచ్చిన ప్రతిరక్షకాలు పిల్లను కాపాడతాయి. కాని అవే టీకాను కూడా పని చేయనివ్వవు. అవి ఏ పిల్లలో ఎప్పుడు తగ్గిపోతాయో చెప్పలేం. అందుకే విడతలుగా వేస్తారు.

పదింట ఏడు

ఒక ఊళ్ళో కుక్కలన్నిటికీ టీకా వేయడం కష్టం. అయితే పదింట ఏడు కుక్కలకు వేసినా చాలునని శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. పిచ్చికుక్క కరిచిన వాటిలో ఎక్కువ వాటికి టీకా రక్షణ ఉంటే వైరస్ ముందుకు సాగక, గొలుసు అక్కడే తెగిపోతుంది. మీ వీధిలో చెవి కొస కత్తిరించిన కుక్కను చూశారా? దానికి సంతాన నిరోధక ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి వదిలారనడానికి అది గుర్తు. మీ ఇంటి కుక్కకు వేసిన సూది కూడా ఆ ఏడింటి లెక్కలో చేరుతుంది సుమా!

కరిస్తే ఏం చేయాలి?

వెంటనే పదిహేను నిమిషాలపాటు ధారగా పోసే నీళ్ళతో, సబ్బుతో గాయం కడగాలి. ఈ వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంటుంది. సబ్బు ఆ పొరను కరిగించి వైరస్‌ను నాశనం చేస్తుంది. కారం, సున్నం, ఆకుపసరు పూయకూడదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. పెంపుడు పిల్లి గీరినా, చిన్న గాటే అయినా నిర్లక్ష్యం చేయరాదు. ఇంట్లో తిడతారని దాచిపెట్టడం అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. తిట్లు ఒక్క పూటతో పోతాయి. దాచిన కాటు ప్రాణం తీయవచ్చు.

పాశ్చర్ తొలి టీకాకు గుర్తుగా ఏటా జూలై 6న జంతువుల నుండి మనుషులకు సోకే వ్యాధుల దినం జరుపుతారు. ఆ రోజు ప్రభుత్వ పశువైద్యశాలలలో పెంపుడు జంతువులకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తుంటారు. మీ కుక్కకు, పిల్లికి టీకా వేయించి, తేదీలు రాసిన కార్డు భద్రంగా దాచండి. తరువాతి విడత ఎప్పుడో ఇంట్లో గుర్తుచేసే బాధ్యత మీదే.