మిస్సింగ్ కొడుతోందా... ఎప్పుడు?

షెడ్డులో చక్కగా తిరుగుతుంది. రోడ్డెక్కితే దగ్గుతుంది. మెకానిక్ వచ్చి బానెట్ ఎత్తి చెవి పెట్టేసరికి మళ్లీ బుద్ధిగా మారిపోతుంది. 'బాగానే ఉంది కదండీ బాబూ!' అంటాడాయన. డాక్టరు గుమ్మం తొక్కగానే పంటినొప్పి తగ్గిపోయినట్టన్నమాట!

పాత కారున్న ఇళ్లలో ఈ బాధ తెలియనివాళ్లుండరు. మెకానిక్‌ల భాషలో దీని పేరు మిస్సింగ్. నాలుగు సిలిండర్లలో ఏదో ఒకటి తన వంతు వచ్చినప్పుడు మండకుండా ఊరుకుంటుంది. ఎప్పుడూ మండకపోతే పట్టుకోవడం తేలికే. నడుస్తున్న ఇంజిన్ మీద ప్లగ్గు వైర్లను, కరెంటు తగలని పట్టకారుతో, ఒక్కోటీ లాగి చూస్తారు. ఏ వైరు తీసినా శబ్దం మారకపోతే దొంగ ఆ సిలిండరే. చిక్కంతా అప్పుడప్పుడూ వచ్చిపోయే మిస్సింగ్‌తోనే. లారీని దాటుతుండగా పికప్ పడిపోతే అది చిరాకుతో పోయే వ్యవహారం కాదు, ప్రాణాల మీదికి వస్తుంది.

మన దేశంలో పాత స్పోర్ట్స్ కార్లు అరుదు. వాటికి దగ్గరి చుట్టం మాత్రం ఒకటుంది... స్టాండర్డ్ హెరాల్డ్. 1961 నుంచి మద్రాసులో తయారైంది. బ్రిటన్‌లో ట్రయంఫ్ సంస్థ ఆ హెరాల్డ్ ఛాసిస్‌నే కుదించి, అదే కుటుంబానికి చెందిన ఇంజిన్ పెట్టి 1962లో స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారును విడుదల చేసింది. రెండింటికీ బానెట్ మడ్‌గార్డులతో సహా ముందుకు వాలిపోతుంది. చక్రం పక్కన కూర్చుని హాయిగా పని చేసుకోవచ్చు. ఈ సౌకర్యం ఇప్పటి కార్లలో వెతికినా కనిపించదు.

అలాంటి కారొకటి పలాస పక్కన కాశీబుగ్గ కూడలిలో ఉందనుకుందాం. ఏ దారిలో, ఏ వేళ మొరాయించిందో చెబితే సగం రోగం తెలిసిపోతుంది.

తెల్లవారుజామున వజ్రపుకొత్తూరు వైపు, సముద్రం దారిలో మిస్సయిందా? జీడితోటల మీద మంచు కురిసే వేళ గాలిలో తేమ ఎక్కువ. దానికి ఉప్పు తోడు. ఉద్దానం తీరంలో సైకిల్ గొలుసుకే తుప్పు తప్పదు, ఇక కారు వైర్ల సంగతి చెప్పాలా! కాయిల్ నుంచి వచ్చే వేల వోల్టుల కరెంటు ప్లగ్గు దాకా వెళ్లకుండా, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మీది తడి పట్టుకుని దగ్గరిదారిలో జారిపోతుంది. ఎండెక్కి తడి ఆరగానే జబ్బు మాయం. దీన్ని పట్టాలంటే రాత్రి చీకట్లో ఇంజిన్ నడుపుతూ వైర్ల మీద, క్యాప్ మీద నీళ్లు సన్నగా చల్లాలి. కరెంటు కారుతున్న చోట నీలం దారాలు మెరుస్తాయి. చేయి మాత్రం పెట్టకూడదు! క్యాప్ లోపల పెన్సిల్‌తో గీసినట్టు నల్లటి చార కనిపిస్తే దాన్ని మార్చాల్సిందే.

జాతీయ రహదారి మీద టెక్కలి దాకా పాతిక కిలోమీటర్లకు కాస్త అటూఇటూ. ఇంజిన్ బాగా వేడెక్కాక, టెక్కలి దగ్గరపడుతుండగా మిస్సింగ్ మొదలై, టీ తాగి బయలుదేరితే బాగుంటే అప్పుడు కథ వేరు. అందరూ ముందు కాయిల్‌నే అనుమానిస్తారు. నిజమే, వేడికి కాయిల్, కండెన్సర్ రెండూ చేతులెత్తేస్తుంటాయి. కానీ పెట్రోలు వైపూ దొంగలున్నారు. ఎండాకాలంలో పంపు దగ్గరే పెట్రోలు ఆవిరై దారి మూసేస్తుంది. ట్యాంకు అడుగున చెత్త ఉంటే, నడుస్తున్నంతసేపూ గొట్టానికి అడ్డుపడి, బండి ఆగగానే కిందికి దిగిపోతుంది. ట్యాంకు మూత రంధ్రం పూడుకుపోయినా అంతే. మూత తిప్పగానే 'సుయ్' మని గాలి లోపలికి పీల్చుకుంటే గుట్టు తెలిసిపోయినట్టే. మరి తేల్చేదెలా? మొరాయించిన ఆ క్షణంలోనే రోడ్డు పక్కకు తీసి, కార్బొరేటర్‌కు దూరంగా స్పార్క్ టెస్టర్‌తో చూడాలి. నిప్పురవ్వ బలంగా ఉంటే పెట్రోలు సంగతి చూసుకోవచ్చు. తీరిగ్గా చల్లారాక చూస్తే అన్నీ బాగానే ఉంటాయి.

నోటితో పీలిస్తే దొరికిన దొంగ

తడీ లేదు, వేడీ లేదు. యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఆనించి సాఫీగా పోతుంటేనే దగ్గుతుంది. షెడ్డులో స్లోలో ఎంతసేపు ఉంచినా ఏమీ అనదు. చాలామందిని ఏడిపించే రకం ఇదే. డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్లు బిగించే పళ్లేన్ని ఒక వ్యాక్యూమ్ డబ్బా పక్కకు లాగుతుంటుంది. ఆ పళ్లెంతో పాటు బెత్తెడైనా లేని మెత్తని వైరొకటి కదులుతుంది. ఏళ్ల తరబడి అటూఇటూ వంగీ వంగీ పైతొడుగు లోపలే తెగిపోతుంది. పైకి మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది! స్లోలో పళ్లెం కదలదు కాబట్టి తెగిన కొసలు ఆనుకునే ఉంటాయి. రోడ్డు మీద పళ్లెం జరగగానే విడిపోతాయి. అనుభవమున్న మెకానిక్‌లు కార్బొరేటర్ దగ్గర వ్యాక్యూమ్ గొట్టం ఊడదీసి, ఇంజిన్ నడుస్తుండగా నోటితో పీలుస్తారు. ఇంజిన్ తడబడిందంటే దొరికినట్టే. ఖర్చు ఓ చిన్న వైరు. అదీ సన్నని పోగులున్న మెత్తటి వైరే అయ్యుండాలి, మామూలు వైరు కడితే కొన్నాళ్లకే మళ్లీ తెగుతుంది.

ఇంత చిన్నదాని కోసం ఎంత తగలేస్తామో! ప్లగ్గులు, వైర్లు, కాయిల్, కార్బొరేటర్ కిట్ అన్నీ ఒకేరోజు మార్చేస్తారు. రెండు రోజులు బాగుంటుంది. మళ్లీ మొదలు. ఏది మారిస్తే తగ్గిందో, ఏది కొత్త తంటా తెచ్చిందో ఎవరికీ తెలియదు. ప్యాకెట్ విప్పిన కొత్త కండెన్సరే చెడ్డదై ఉండటం పాత కార్ల లోకంలో వింతేం కాదు. అందుకే ఒకసారికి ఒక్కటే మార్చి, తీసిన పాతదాన్ని దాచుకోవాలి. డ్యాష్‌బోర్డులో ఓ చిన్న నోటుపుస్తకం పెట్టుకుని తేదీ, వాన, ఎండ, ఎంత దూరం నడిచాక, ట్యాంకులో ఎంత పెట్రోలు ఉండగా మిస్సయిందో రాసుకుంటే మెకానిక్‌కు అంతకన్నా గొప్ప కానుక లేదు.

ఈమధ్య అనుమానితుల్లోకి ఇంకొకటి చేరింది. 2025 నాటికి దేశంలో పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. అది తేమను పీల్చుకుంటుంది. దాన్ని ఉద్దేశించి చేయని పాత రబ్బరు గొట్టాలను, గ్యాస్కెట్లను మెత్తబరిచి పాడుచేయగలదు. తీరప్రాంతంలో నెలల తరబడి కదలకుండా పడి ఉండే కారుకు ఇది మరీ ఇబ్బంది. గొట్టాలు ఇథనాల్‌ను తట్టుకునేవి వేయించుకుని, పెట్రోలు పాతబడకుండా వారానికోసారైనా బండి తిప్పడం మేలు. చెమ్మగా మారిన పాత గొట్టం మిస్సింగ్‌తో ఆగదు, వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారుస్తుంది.

నిప్పురవ్వ సరిగ్గా ఉండి, పెట్రోలూ సరిగ్గా అందుతుంటే అప్పుడు కంప్రెషన్ చూస్తారు. అక్కడ తేడా ఉంటే వాల్వులో, గ్యాస్కెట్టో... హెడ్ విప్పక తప్పదు. కానీ కాలిపోయిన వాల్వు సాధారణంగా వానా ఎండా చూసుకుని రాదు, టెక్కలి దారిలోనూ సముద్రం దారిలోనూ ఒకేలా దగ్గుతుంది.