ఆట ఉంది, జట్టే లేదు

ఈ ఎపిసోడ్‌లో చెప్పిందే ఇంకొంచెం వివరంగా. నేను రుమైథియాలో హౌస్ డ్రైవర్‌ని. ఒకప్పుడు రాత్రి పదికి పబ్జీ తెరిస్తే, రాయచోటిలో పన్నెండున్నర అయినా మా తమ్ముడు, ఇద్దరు దోస్తులు కాచుకొని ఉండేవాళ్లు. నలుగురం ఒక స్క్వాడ్. ఆట తక్కువ, ఊరి కబుర్లు ఎక్కువ.

2020 సెప్టెంబర్‌లో ఇండియాలో పబ్జీని నిషేధించారు. 2021 జూలైలో ఇండియా కోసం బీజీఎంఐ వేరుగా వచ్చింది. మనకిక్కడ పాత పబ్జీయే. దాంట్లోవాళ్లు దీంట్లోవాళ్లతో కలిసి ఆడలేరు.

ఇప్పుడు ముగ్గురు కొత్తవాళ్లను ఆటే జతచేస్తుంది. అరగంటలో మ్యాచ్ ముగిస్తే ఎవరి దారి వాళ్లది. మళ్లీ కనపడని మనిషిని తిట్టడానికి మొహమాటం ఏముంటది? అందుకే మైక్ ఆన్ చేస్తే బూతులే.

మేము మటుకు శుక్రవారం లూడోకి మారినాం. గెలుపు ఎవరిదైనా, ఊళ్లో వాన పడిందో లేదో తెలుస్తుంది.