పేరు పోయి అంకె మిగిలిన సిపాయిలు
పరాయి దేశంలో పడిపోయిన వారిని తలచుకోవలసింది వూళ్లే

తాడేపల్లిగూడెం: పశ్చిమ గోదావరి జిల్లాలో "మిలటరీ మాధవరం" పేరు విననివారు అరుదు. మొదటి ప్రపంచ యుద్ధానికి (1914-18) ఈ ఒక్క వూరి నుంచే 90 మంది వెళ్లారు. రెండవ యుద్ధానికి (1939-45) 1110 మంది వెళ్లారు.

మొదటి యుద్ధంలో మన దేశపు సిపాయిలు 70 వేలకు పైగా చనిపోయారు. మీసకట్టు సరిగా రాని కుర్రవాళ్లు వారిలో ఎందరో! చాలామందికి సొంత వూరి మట్టి దక్కలేదు.

బస్రాలో పేర్లు లేవు

ఆ యుద్ధంలో మనవారు అత్యధికంగా వెళ్లింది మెసపొటేమియాకు, అంటే నేటి ఇరాక్‌కు. తెలుగువాళ్లు కూడా వున్న మద్రాసు శాపర్ల దళాలు అక్కడ పనిచేశాయి. అక్కడ చనిపోయిన 40 వేల మందికి పైగా సైనికుల జ్ఞాపకార్థం 1929లో బస్రాలో స్మారక చిహ్నం కట్టారు. తెల్ల సిపాయిల పేర్లన్నీ చెక్కారు. మనవారిలో అధికారుల పేర్లు మాత్రమే చెక్కి, మామూలు సిపాయిలను పటాలం పేరు కింద ఇంతమంది అని అంకె వేసి సరిపెట్టారు. 1997లో ఆ కట్టడాన్ని 32 కిలోమీటర్ల అవతల, నాసిరియా దారిలోని ఎడారికి తరలించారు. ఇలా తేడా చూపడం తప్పేనని యుద్ధ సమాధుల సంఘం 2021లో గానీ ఒప్పుకోలేదు.

ఏటా తిరునాళ్లు

పేరు నిలిచిన చోట సంగతి వేరు. హిమాలయ ప్రాంతంలోని టెహ్రీ గఢ్వాల్‌కు చెందిన గబ్బర్ సింగ్ నేగీ 1915 మార్చి 10న ఫ్రాన్సులోని నవ్ షపెల్ వద్ద శత్రు కందకంలోకి చొరబడి పోరాడుతూ చనిపోయాడు. అప్పటికతని వయసు 19 ఏళ్లు. మరణానంతరం విక్టోరియా క్రాస్ ఇచ్చారు. నేటికీ అతని వూరి దగ్గరి చంబా పట్టణంలో ఏటా ఏప్రిల్‌లో అతని పేర తిరునాళ్లు జరుగుతుంది. పతకం రాని సిపాయిలకు తిరునాళ్లు లేకపోయినా, పేరైనా మిగలాలి కదా!

పతకాలు కరిగించవద్దు

మిలటరీకి వెళ్లినవారి ఇళ్లలో పాత పతకాలుంటే వెండి కదా అని కరిగించరాదు. అంచు మీద సిపాయి నంబరు, పేరు, పటాలం ఇంగ్లీషులో చెక్కి వుంటాయి. మొదటి యుద్ధంలో చనిపోయినవారి కుటుంబాలకు చిన్న పళ్లెమంత కంచు బిళ్ల కూడా ఇచ్చారు. దాని మీద మృతుని పేరు వుంటుంది. పింఛను కాగితాలు, తావీదులా దాచిన పాత ఉత్తరాలు కూడా ఆధారాలే.

ఆ నంబరూ పేరూ దొరికితే కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంఘం వారి జాబితాలో ఇంటర్‌నెట్ ద్వారా ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. వూళ్లో చదువుకున్న కుర్రవాళ్లు పూనుకుని, ముసలివాళ్లు వుండగానే ఇంటింటా అడిగి, తాత పేరు, పటాలం, వెళ్లిన దేశం ఒక పుస్తకంలో రాయాలి. ఆ పుస్తకం పంచాయతీ ఆఫీసులో వుంటే రేపు మనుమలకు తెలుస్తుంది. బస్రా రాతి మీద లేని పేరు కనీసం సొంత వూళ్లో వుంటుంది.