పది రోజుల పందిరికి ఏ కేబుల్ వాడాలి?

వినాయక చవితి మండపమైనా, దసరా పందిరైనా, పెళ్లి షామియానా అయినా, జాతరలో మిఠాయి కొట్టైనా కరెంటు లేనిదే పని జరగదు. ఒక్క పూటలో కట్టి, కొద్ది రోజుల్లో విప్పేసే ఏర్పాటు కాబట్టి చేతికందిన వైరును లాగేయడం చాలాచోట్ల అలవాటు. నిజానికి ఇంటి గోడలో ఉండే వైరు కంటే ఈ వైరుకే కష్టం ఎక్కువ. జనం దాన్ని తొక్కుతారు. బండ్లు దాని మీదుగా పోతాయి. ఎండకు ఎండుతుంది, వానకు నానుతుంది. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో విద్యుదాఘాత మరణాలు ఇటీవలి కాలంలో ఏటా 10 వేలు దాటుతున్నాయి. తాత్కాలిక వైరింగ్‌కు కేబుల్ ఎంచుకునేటప్పుడు ఈ సంగతి మనసులో ఉండాలి.

వంగే గుణం ఎక్కడిది?

గోడలో బిగించే వైరు ఒకసారి వంగితే మళ్లీ కదలదు. పందిరి కేబుల్‌ను మాత్రం పదే పదే చుట్టాలి, విప్పాలి. తీగను వంచినప్పుడు దాని వెలుపలి అంచు సాగుతుంది. తీగ ఎంత లావైతే ఆ సాగుదల అంత ఎక్కువ, విరిగే అవకాశమూ అంతే. అందుకే ఫ్లెక్సిబుల్ కేబుల్‌లో రాగిని సన్నని పోగులుగా పేనుతారు. భారతీయ ప్రమాణం ఐఎస్ 8130 దీన్ని 5వ తరగతి కండక్టర్ అంటుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల కేబుల్‌లో ఒక్కో పోగు వ్యాసం 0.26 మిల్లీమీటర్లకు మించకూడదు.

పోగులపై ఒకే ఒక పొర ఉన్న వైరు ఆరుబయట నేల మీద పరచడానికి పనికిరాదు. ఇన్సులేషన్ మీద మరో గట్టి తొడుగు, అంటే షీత్ ఉండాలి. పీవీసీ కేబుళ్లకు ఐఎస్ 694, రబ్బరు కేబుళ్లకు ఐఎస్ 9968 ప్రమాణాలు ఉన్నాయి. రాపిడి, తడి ఎక్కువగా ఉండే చోట దళసరి రబ్బరు తొడుగు ఉన్న కేబుల్ మేలు. నిర్మాణ స్థలాల కోసం అంతర్జాతీయ ప్రమాణాలు సూచించేదీ ఈ రకాన్నే.

దూరం పెరిగితే లెక్క మారుతుంది

మీటరు నుంచి పందిరికి 60 మీటర్ల దూరం, అక్కడ 3 కిలోవాట్ల లోడు ఉన్నాయనుకుందాం. 230 వోల్టుల వద్ద సుమారు 13 ఆంపియర్ల కరెంటు ప్రవహిస్తుంది. వెళ్లే దారి, తిరిగొచ్చే దారి కలిపి 120 మీటర్ల రాగి. 1.5 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ వాడితే ఆ దారి నిరోధం దాదాపు 1.6 ఓమ్‌లు. దాంతో 21 వోల్టులు, అంటే 9 శాతం, దారిలోనే పోతాయి. సుమారు 270 వాట్లు వేడిగా మారతాయి. 4 చదరపు మిల్లీమీటర్ల కేబుల్‌లో ఈ నష్టం 3.4 శాతమే. 6 అయితే 2.2 శాతం. దీపాలకు 3 శాతం, ఇతర లోడ్లకు 5 శాతం లోపు ఉంచడం సాధారణ నియమం.

ఆ వేడి కేబుల్ పొడవునా చెదిరిపోతే ఇబ్బంది తక్కువ. మిగిలిన కేబుల్‌ను డ్రమ్ముకు చుట్టి వదిలేస్తే వేడి బయటకు పోయే దారి ఉండదు, లోపలి చుట్లు మెత్తబడతాయి. అందుకే కేబుల్‌ను పూర్తిగా విప్పి వాడాలి. వేసవి ఎండనూ లెక్కలోకి తీసుకోవాలి. మామూలు పీవీసీ కేబుల్‌లో కండక్టర్ 70 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. బయట 40 డిగ్రీలుంటే 30 డిగ్రీలు పెరిగే వీలుంది. 50 ఉంటే 20 డిగ్రీలే మిగులుతుంది. వేడి కరెంటు వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది కాబట్టి, 40 డిగ్రీల వద్ద 20 ఆంపియర్లు మోసే కేబుల్ 50 డిగ్రీల వద్ద 16 మాత్రమే మోయగలదు.

ఎంసీబీ ఉన్నా సరిపోదు

సన్నని, పొడవైన కేబుల్‌తో మరో చిక్కు ఉంది. ఫేజ్ తీగ ఊడి పందిరి ఇనుప స్తంభానికి తగిలిందనుకుందాం. పై ఉదాహరణలోని 1.5 కేబుల్‌లో ఫేజ్, ఎర్త్ తీగల ద్వారా పారే కరెంటు 144 ఆంపియర్లకు మించదు. 16 ఆంపియర్ల సి-రకం ఎంసీబీ తక్షణం పడిపోతుందని నమ్మాలంటే 160 ఆంపియర్లు కావాలి. అది కొంత ఆలస్యంగా పడితే, ఆలోగా స్తంభం మీద సుమారు 115 వోల్టులు ఉంటాయి. అసలు ఎర్త్ తీగే లేని రెండు కోర్ల వైరైతే మొత్తం 230 వోల్టులూ స్తంభం మీదే ఉంటాయి.

అందుకే ఆకుపచ్చ-పసుపు ఎర్త్ తీగతో కూడిన మూడు కోర్ల కేబుల్, దానితో పాటు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరిగా ఉండాలి. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే ఆర్‌సీసీబీ ఆ తేడాను పట్టుకుంటుంది, 0.3 సెకన్ల లోపే సరఫరా ఆపుతుంది. ఎంసీబీ రేటింగ్ కూడా కేబుల్ మోయగలిగే కరెంటును మించకూడదు. మించితే ఎంసీబీ కంటే ముందు కేబులే కాలుతుంది.

టేపు చుట్టిన జాయింట్లు

మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటులో 0.1 ఓమ్ నిరోధం ఉన్నా, 13 ఆంపియర్ల వద్ద అక్కడ 17 వాట్ల వేడి పుడుతుంది. రేడియో మెకానిక్ వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. ఆ వేడి పరదా గుడ్డ పక్కనే ఉంటే ఏమవుతుందో ఊహించవచ్చు. ఆరుబయట వాడే నీలి రంగు ఇండస్ట్రియల్ ప్లగ్గు, సాకెట్‌తో ఈ బెడద తగ్గుతుంది.

భారతీయ ప్రమాణాల సంస్థ ప్రచురించే నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్‌లో తాత్కాలిక ఆరుబయటి ఏర్పాట్లకు ప్రత్యేక విభాగమే ఉంది. కమిటీ వాళ్లు డెకరేషన్ కాంట్రాక్టు ఇచ్చే ముందు కొన్ని విషయాలు అడిగి తెలుసుకోవచ్చు. కేబుల్ మీద ఐఎస్ఐ గుర్తు, ప్రమాణం సంఖ్య అచ్చయి ఉన్నాయా? మూడు కోర్లు ఉన్నాయా? మందం దూరానికి తగినట్టు ఉందా? నడక దారిలో కేబుల్‌ను ఎత్తులో కట్టారా, లేదా తొక్కుడు పడకుండా కప్పారా? దీపాలు వెలిగించే ముందు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి చూశారా? వాన వెలిసిన ప్రతిసారీ ఆ బటన్‌ను మళ్లీ నొక్కి చూడటానికి ఒక నిమిషం కూడా పట్టదు.