నీళ్లలోకి దిగే బ్రేకు

రోడ్డు మీద తిరిగే బండ్లలో చక్రాలతో సహా నీళ్లలో మునగడమే ఉద్యోగంగా ఉన్నది బోటు ట్రైలర్. హైవే మీద గంటల తరబడి పరుగెత్తి, రేవు చేరి, వాలు మీద వెనక్కి దిగి, ఇరుసుల దాకా మునిగి, బోటును నీళ్లలో తేల్చి, ఒళ్లంతా తడిగా పైకి రావాలి. సొంత బోటు ఉన్న కుటుంబాలు లక్షల్లో ఉన్న అమెరికాలో సెలవు రోజుల్లో ప్రతి రేవులోనూ కనిపించే దృశ్యమిది. ఈ నీళ్ల మూలంగానే బోటు ట్రైలర్ బ్రేకు కథ మిగతా ట్రైలర్ల బ్రేకుల కథ నుంచి విడిపోయింది.

ముందు అసలు ఇబ్బంది ఏమిటో చూద్దాం. బోటూ ట్రైలరూ కలిపి 1,500 కిలోలు అనుకుంటే, గంటకు 90 కి.మీ. వేగంలో వాటి గతిశక్తి సుమారు 4.7 లక్షల జౌళ్లు. బండి ఆగాలంటే అదంతా ఎక్కడో ఒకచోట వేడిగా మారాలి. ట్రైలర్‌కి సొంత బ్రేకు లేకపోతే ఆ పని కూడా ముందు బండి బ్రేకులే చెయ్యాలి. తడి రోడ్డు మీద, అందులోనూ మలుపులో, వెనక నుంచి వచ్చే తోపుకి ముందు బండి పక్కకి జారి రెండూ మడతపడిపోతాయి. అందుకే బరువు ఒక హద్దు దాటితే ట్రైలర్‌కి బ్రేకు ఉండి తీరాలని చట్టాలు వచ్చాయి. అమెరికాలో చాలా రాష్ట్రాలు ఆ హద్దును 3,000 పౌండ్ల దగ్గర, అంటే దాదాపు 1,360 కిలోల దగ్గర పెట్టాయి. యూరప్, ఆస్ట్రేలియాల్లో అది 750 కిలోలే. 

బ్రేకు వెనక బండిలో ఉంది, తొక్కే కాలు ముందు బండిలో ఉంది. రెంటికీ మధ్య కబురు మోసేదెవరు? దీనికి పేరున్న జవాబు విస్కాన్సిన్ రాష్ట్రంలోని బెలాయిట్ ఊరి నుంచి వచ్చింది. ఆర్థర్ ప్రాట్ వార్నర్ మామూలు మనిషి కాడు. సోదరుడితో కలిసి కార్లకు స్పీడోమీటర్లు చేసి అమ్మాడు, 1909లో గ్లెన్ కర్టిస్ తయారుచేసిన విమానం కొని తానే నడిపాడు. వేగం కొలవడంలో డబ్బు చేసుకున్న ఈయన 1927లో ట్రైలర్ల వేగం తగ్గించే విద్యుత్ బ్రేకుల కోసం కంపెనీ పెట్టాడు.

ఆ బ్రేకులోని చమత్కారం ఏమిటంటే, అందులోని అయస్కాంతం చక్రాన్ని ఆపదు. డ్రమ్ములో ఒక మీట చివర చిన్న విద్యుదయస్కాంతం ఉంటుంది. కరెంటు రాగానే అది తిరుగుతున్న డ్రమ్ము లోపలి ముఖానికి అతుక్కుంటుంది. డ్రమ్ము దాన్ని తనతో పాటు కొంత దూరం లాక్కుపోతుంది, మీట కదులుతుంది, బ్రేక్ షూలు విచ్చుకుని డ్రమ్మును పట్టేస్తాయి. ఒక్కో చక్రానికి మూడు ఆంపియర్ల కరెంటు చాలు, మిగతా బలమంతా ఆ చక్రం తిరగడం నుంచే వస్తుంది. సరుకు ట్రైలర్లకీ, ఇళ్లలాంటి క్యాంపింగ్ ట్రైలర్లకీ అమెరికాలో ఇప్పటికీ వాడేది ఎక్కువగా ఇదే.

బోటు దగ్గరికి వచ్చేసరికి ఈ తెలివి పనికిరాలేదు. అయస్కాంతం అతుక్కోవాల్సిన ఇనుప ముఖం తుప్పు పడుతుంది, వైర్ల అతుకులు చిలుము పట్టి తెగిపోతాయి. ఉప్పునీరైతే మరీ త్వరగా.

అక్కడ నిలదొక్కుకున్నది సర్జ్ బ్రేకు. యూరప్‌లో, ఆస్ట్రేలియాలో ఓవర్‌రన్ బ్రేకు అంటారు. ఎడ్లబండి పల్లం దిగేటప్పుడు బరువంతా ఎడ్ల మీదికి తోసుకొస్తుంది కదా, ట్రైలరూ అంతే. ఈ బ్రేకు ఆ తోపునే కబురుగా మార్చుకుంది. ట్రైలర్ ముందుకొన రెండు ముక్కలుగా ఉంటుంది, ఒకదాంట్లో ఒకటి జారుతుంది. ముందు బండి వేగం తగ్గగానే ట్రైలర్ దాని మీదికి వస్తుంది, జారే ముక్క లోపలికి నొక్కుకుని మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్‌ను తోస్తుంది, బ్రేక్ ఆయిల్ పీడనం చక్రాలకు చేరుతుంది. బరువు ఎక్కువైతే తోపు ఎక్కువ, తోపు ఎక్కువైతే పట్టు ఎక్కువ. ముందు బండిలో బ్రేకుకు కరెంటు పంపే కంట్రోలర్ పెట్టెలు బిగించక్కర్లేదు, బ్రేకు వెయ్యడానికి వైరు లాగక్కర్లేదు. అద్దెకిచ్చే ట్రైలర్ల మీద యూ-హాల్ లాంటి కంపెనీలు దీన్ని పెట్టడానికి కారణం అదే. ఏ బండి వచ్చి తగిలించుకుంటుందో ముందే తెలియదు గదా.

పీడనాన్ని గొట్టాల్లో పంపే ఈ పద్ధతికి 1917లో పేటెంటు తీసుకున్న మాల్కమ్ లాక్‌హీడ్ కూడా విమానాల మనిషే. అన్నదమ్ములు కలిసి పెట్టిన విమానాల వ్యాపారం వదిలి బ్రేకుల వైపు వచ్చాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కార్లు ఆయన బ్రేకులతో రోడ్డెక్కాయి.

సర్జ్ బ్రేకుకు తెలివితేటలు తక్కువ. వేగం తగ్గి తోపు వచ్చిందా, వెనక్కి పోతుంటే తోపు వచ్చిందా అన్న తేడా దానికి తెలియదు. రేవు వాలులో ట్రైలర్ తన బరువుకే దిగిపోతుంది కాబట్టి పేచీ లేదు. ఇంటికొచ్చాక ఎత్తు మీదున్న గ్యారేజీలోకి వెనక్కి తోసినప్పుడు బ్రేకు పట్టేస్తుంది. పాత డ్రమ్ము బ్రేకుల్లో చక్రం వెనక్కి తిరిగితే పట్టు సడలే ఏర్పాటు చేశారు. డిస్కు బ్రేకుకు ముందూ వెనకా ఒకటే పట్టు. అందుకని ఆయిల్ దారిలో ఒక సొలెనాయిడ్ వాల్వు పెట్టారు. రివర్స్ లైటు కరెంటు అందగానే అది దారి మూసేస్తుంది. ఇందుకే డిస్కు బ్రేకుల బోటు ట్రైలర్‌కి లైట్ల నాలుగు వైర్లు చాలవు, ఐదోది కావాలి. నాలుగు వైర్ల ప్లగ్గున్న కారుకు ఐదు వైర్ల ట్రైలర్ తగిలిస్తే లైట్లన్నీ శుభ్రంగా వెలుగుతాయి, ట్రైలర్ మాత్రం గ్యారేజీ ఎక్కనంటుంది.

డ్రమ్ములు తీసి డిస్కులు వేసుకునేవాళ్లు పడే గుంట ఇంకొకటుంది. డ్రమ్ము బ్రేకుల మాస్టర్ సిలిండర్‌లో గొట్టాల్లో ఎప్పుడూ 10 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) పీడనం నిలిపి ఉంచే చిన్న వాల్వు ఉంటుంది. షూలను వెనక్కి లాగే స్ప్రింగులు ఉన్నాయి కాబట్టి డ్రమ్ముకు దానితో హాని లేదు. డిస్కుకు ఆ స్ప్రింగులు లేవు. పాత సిలిండర్‌నే ఉంచేస్తే ప్యాడ్లు దారి పొడుగునా డిస్కును రాస్తూనే ఉంటాయి. అలా కాలిన చక్రం చన్నీళ్లలో దిగితే హబ్బులోని గాలి ముడుచుకుని, సీలు సందుల్లోంచి నీటిని బేరింగుల్లోకి పీల్చుకుంటుంది. బేరింగు పాడైందని మార్చేవాళ్లు ఎక్కువ, మాస్టర్ సిలిండర్‌ను అనుమానించేవాళ్లు తక్కువ.

బరువు పెరిగేకొద్దీ డ్రైవర్ చేతిలో లేని బ్రేకును చట్టాలు నమ్మలేదు. ఆస్ట్రేలియాలో 2 టన్నులు దాటిన ట్రైలర్ బ్రేకును ముందు బండిలోంచే వెయ్యగలగాలి. అమెరికాలో వ్యాపార వాహనాలకు 2007లో గాని సర్జ్ బ్రేకును ఒప్పుకోలేదు. అదీ షరతులతో: ట్రైలర్ స్థూల బరువు 12,000 పౌండ్ల లోపైతే లాగే బండి బరువుకు 1.75 రెట్లు, అక్కణ్నుంచి 20,000 దాకా 1.25 రెట్లు మించకూడదు.

పెద్ద బోట్ల కోసం వార్నర్ కరెంటునూ లాక్‌హీడ్ ఆయిల్‌నూ కలిపారు. డ్రైవర్ దగ్గరి కంట్రోలర్ కబురు కరెంటుగా వస్తుంది, ట్రైలర్ ముందుభాగాన నీళ్లకు అందనంత ఎత్తులో ఉన్న మోటారు పంపు దాన్ని పీడనంగా మారుస్తుంది. చక్రాల దగ్గరికి వెళ్లేది ఆయిలే. ఇక్కడా జోడీ కుదరాలి: డ్రమ్ములకు 1,000 పీఎస్ఐ పంపు, డిస్కులకు 1,600. 2005 మోడల్ సూపర్ డ్యూటీ పికప్ ట్రక్కుల నుంచి ఫోర్డ్ కంపెనీ కంట్రోలర్‌ను ఫ్యాక్టరీలోనే బిగించి అమ్మింది, మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. అయితే ఇలాంటి కంట్రోలర్లు అయస్కాంతాలు లాగే కరెంటును బట్టి ట్రైలర్ ఉందని గుర్తిస్తాయి. కబురు మోసే వైరు నుంచి పంపు అంత కరెంటు లాగదు. దాంతో కొన్ని ట్రక్కులు వెనక మూడు టన్నుల బోటు ఉన్నా ట్రైలర్ తగిలించలేదనే చెప్పేవి. తర్వాతి మోడళ్లలో హైడ్రాలిక్ ట్రైలర్ అని విడిగా ఎంచుకునే వీలు వచ్చింది. కొనేముందు ట్రక్కు పుస్తకంలో ఆ మాట ఉందో లేదో చూసుకోవడం మంచిది.

ఇప్పుడు బ్యాటరీ పికప్‌లు వచ్చాయి. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే చాలు, మోటారు జనరేటర్‌గా మారి బండిని నెమ్మదింపజేసి కరెంటును బ్యాటరీలోకి పంపుతుంది. సర్జ్ బ్రేకు దృష్టిలో అదీ తోపే. డ్రైవర్ బ్రేకు ముట్టుకోకుండానే ట్రైలర్ ప్యాడ్లు పట్టుకుంటాయి, బోటు బరువు నుంచి బ్యాటరీకి రావాల్సిన శక్తిలో కొంత డిస్కుల దగ్గరే వేడిగా పోతుంది. కంట్రోలరూ పంపూ ఉన్న ట్రైలర్‌లో ఆ పంపకం ఎంతో నిర్ణయించే వీలు కనీసం ట్రక్కుకు ఉంటుంది.