అరకు లోయ ఎవరిది?

విశాఖలో పొద్దున్నే కిరండూల్ బండి ఎక్కాం. శృంగవరపుకోట దాటాక కొండ మొదలు. ఈ లైను మీద మొత్తం 58 సొరంగాలున్నాయి. 1960ల్లో రాయి తొలిచి వేసిన ఈ దారి మన్యం జనం సంతకెళ్లడానికి వేసింది కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపడానికి వేసింది. 2017లో టూరిస్టుల కోసం అద్దాల పెట్టె తగిలించారు. మేం మాత్రం బుట్టలు, మూటల మధ్యే కూచున్నాం.

అరకు చిన్న ఊరు. స్టేషను, సంత, హోటళ్లు, చుట్టూ కొండలు. మేం వెళ్లేసరికి వలిసెలు పసుప్పచ్చగా పూశాయి. చేలో ఫొటో దిగితే మనిషికింత అని రైతు అడిగాడు. తప్పేముంది? గింజకు గిట్టని ధర పువ్వుకైనా గిట్టనీ!

చోళ్ల చేలో ఒక ముసలమ్మ కంకులు కోస్తోంది. భూమి ఎవరిదమ్మా అంటే, "మాదే బాబూ. కాయితం మాది, పంట షావుకారిది" అంది.

ఆ ముక్కలోనే ఈ లోయ చరిత్రంతా ఉంది. అప్పు తీరేదాకా షావుకారికి చేసే వెట్టిని ఇక్కడ గొత్తి అనేవారు. దాన్ని 1940లో చట్టం రద్దు చేసింది, కాగితం మీద. గిరిజనుల భూమి పరాయిపాలు కాకూడదని 1917లోనే ఒక చట్టం వచ్చింది. అయినా భూములు జారిపోతూనే ఉన్నాయి. శ్రీకాకుళంలో గిరిజనులు తిరగబడ్డాక, 1970లో 1/70 వచ్చింది. ఏజెన్సీ భూమి గిరిజనుడికో, గిరిజనుల సహకార సంఘానికో తప్ప చేతులు మారకూడదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి మొదట గిరిజనుడిదే అనుకోవాలి. కాదంటే రుజువు చూపాల్సింది అనుభవిస్తున్నవాడే. అందుకే షావుకార్లు బినామీ దారి పట్టారు.

పక్కనే బొర్రా. అక్కడి గ్రామాల్లో ప్రభుత్వమే కంపెనీలకు గనులు లీజుకిచ్చింది. సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. ప్రభుత్వానికీ ఈ నిషేధం వర్తిస్తుందని, గిరిజనేతరులకు లీజులు చెల్లవని 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కొండ గెలిచిన కేసు అది.

గని పోయి టూరిజం వచ్చింది. హోటళ్ల కోసం 1/70ని సడలించాలన్న మాట 2025 జనవరిలో పైనుంచి వినపడింది. ఫిబ్రవరిలో మన్యం బంద్ పాటించింది. కొట్లు మూశారు, బస్సులు ఆపారు. చట్టం జోలికి వెళ్లబోమని ముఖ్యమంత్రి ప్రకటించాల్సి వచ్చింది.